పై దారం, కింది దారం

మా బళ్ళారిలో కౌల్ బజారు వైపు మధ్యాహ్నం పూట నడిచి వెళితే, ఇళ్ళలోంచి మనుషుల మాటలకంటే ముందు మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. జీన్సు ప్యాంట్లకు పేరుపడ్డ ఊరు మాది. ఒక ఇంట్లో జేబులు, ఇంకో ఇంట్లో జిప్పులు, మరో ఇంట్లో నడుం పట్టీలు. ఒక ప్యాంటు పూర్తి కావాలంటే నాలుగైదు గడపలు తొక్కాలి. నేను ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. చదివింది కామర్సు. చేతిపనులు నాకు అంతగా అబ్బలేదు. గోడకు మేకు కొట్టమంటే వేలిమీద కొట్టుకునే రకం. కానీ కుట్టు మిషను దగ్గర మాత్రం కాస్త చొరవ ఉంది. ఆ చొరవ మా అమ్మ పెట్టిన భిక్ష.

అమ్మది నల్లటి ఉషా కాలి మిషను. 1977లో ఒకరు వాడినదాన్ని కొన్నారు. నాన్న పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఆ పని ఏడాది పొడుగునా ఉండేది కాదు. పత్తి బళ్ళు వచ్చిన నెలల్లో రాత్రింబవళ్ళు పని, తక్కిన నెలల్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం. ఆ ఖాళీ నెలల్లో మా పొయ్యి వెలిగించింది అమ్మ మిషనే. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు, చీరలకు ఫాల్సు, అన్నీ కుట్టేది. ఉగాదికి ముందు పదిరోజులు మాకు రాత్రి నిద్రలో కూడా ఆ చప్పుడే. చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది.

నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. సూదిలోకి దారం ఎక్కించడం, బాబిను చుట్టడం నా పనులు. గుడ్డి దీపం వెలుతురులో అమ్మకు సూది కన్ను ఆనేది కాదు. నేను దారం ఎక్కించగానే అమ్మ అడిగే మొదటి మాట, "ఫుట్టు ఎత్తినావా?" అని. ఎత్తలేదంటే ఎక్కించిందంతా లాగేసి మళ్ళీ మొదలుపెట్టమనేది. అప్పట్లో అది చాదస్తమనిపించేది. అందులో ఉన్న యుక్తి తరవాత అర్థమైంది.

మిషను మొహాన రెండు చిన్న ఇనుప బిళ్ళలుంటాయి. రెండు సాసర్లను వీపూ వీపూ ఆనించి పెట్టినట్టుంటాయి. పై దారం ఆ రెండింటి నడుమ దూరి పోవాలి. వాటిని నొక్కి ఉంచడానికి ఒక స్ప్రింగు, దానిమీద ఒక మర. దర్జీలు 'టెన్షను' అనేది దీన్నే. మర కుడికి తిప్పితే బిళ్ళలు దారాన్ని గట్టిగా పట్టుకుంటాయి, ఎడమకు తిప్పితే సడలుతాయి. బట్టను నొక్కిపట్టే ఫుట్టును ఎత్తినప్పుడు ఆ బిళ్ళలు విడివడతాయి, దించితే మూసుకుంటాయి. ఫుట్టు దించి ఉండగా దారం ఎక్కిస్తే అది బిళ్ళల మధ్యకు దిగకుండా అంచుమీదే నిలిచిపోవచ్చు. ఆ తరవాత మరను ఎన్ని చుట్లు తిప్పినా ప్రయోజనం ఉండదు. పట్టుకోవలసిన దారం పట్టులోనే లేదు మరి! దారం సరిగా కూర్చుందో లేదో తెలుసుకోవడం సులువు. ఫుట్టు ఎత్తి లాగితే తేలిగ్గా రావాలి. దించి లాగితే బరువుగా రావాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే ఎక్కడో తప్పింది.

పాఠకుల్లో చాలామంది ఇళ్ళల్లో మిషను ఉండే ఉంటుంది. కానీ దాని కడుపులో ఏం జరుగుతుందో చూసినవాళ్ళు తక్కువ. చేతి కుట్టుకు ఒకే దారం. మిషను కుట్టుకు రెండు. సూది పై దారాన్ని పట్టుకుని బట్ట కిందికి దిగుతుంది. తిరిగి పైకి లేవబోయేటప్పుడు అడుగున దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చును అందుకుని, బాబిను చుట్టూ తిప్పేస్తుంది. కింది దారం ఆ ఉచ్చులో చిక్కుకుంటుంది. పైనున్న మీట రెండింటినీ లాగి బిగిస్తుంది. అమెరికాలో ఇలియాస్ హోవే 1846లో పేటెంటు పొందిన యంత్రంలో ఉన్న కిటుకు ఇదే. సూది కన్ను మొన దగ్గర ఉండటం, అడుగున ఇంకో దారం ఉండటం. యంత్రాలను అంతగా ప్రశ్నించిన గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. ఇల్లాలి చాకిరీని తగ్గించిన యంత్రమని ఆయనకు దానిమీద గౌరవం.

రెండు దారాలూ సమంగా లాగితే, ముడి రెండు పొరల బట్ట మధ్యలో పడి కనిపించకుండా పోతుంది. పైనుంచి చూసినా కిందినుంచి చూసినా కుట్టు ఒకేలా ఉంటుంది. ఒక దారం బలవంతుడైతే రెండోదాన్ని తనవైపు లాక్కుంటుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. బట్ట అడుగున ఉచ్చులు పడుతుంటే మన చెయ్యి వెంటనే అడుగునున్న బాబిను వైపు పోతుంది. రోగం అక్కడ కనిపిస్తోంది కదా! నిజానికి అడుగున ఉచ్చులు పడ్డాయంటే పై దారం వదులుగా ఉందని అర్థం. దానికి పట్టు లేక కింది దారం దాన్ని అడుగుకు లాగేసుకుంటోంది. పైన కింది దారం చుక్కలు చుక్కలుగా కనిపిస్తే, పై దారం మరీ బిగిసిందనో, కింది దారం మరీ సడలిందనో అనుకోవాలి. అమ్మ దీన్ని ఒక్క ముక్కలో చెప్పేది.

"అడుగున కుప్పలు పడితే పైన సూడు. పైన చుక్కలు పడితే కింద కూడా సూడు."

అమ్మ చదివింది నాలుగో తరగతి, తెలుగు బళ్ళో. ఆ మాటకు సరిపోయే సూత్రం నాకు బీకాం మూడేళ్ళలో ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

బాబిను కేసుకు కూడా ఒక చిన్న మర ఉంటుంది. అమ్మ దాన్ని ఊరికే ముట్టుకోనిచ్చేది కాదు. ముట్టుకోక తప్పకపోతే ముందు మర గాడి ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోమనేది. కంచంలో పెట్టి విప్పమనేది. నువ్వుగింజంత మర నేలమీద పడితే ఇక దొరకదు. తిప్పేది కూడా పావు చుట్టుకు తక్కువే. సరిపోయిందో లేదో చూడటానికి, బాబిను వేసిన కేసును దారం కొసతో పట్టుకుని వేలాడదీసేది. తనంతట తాను జారి కిందికి పోతే వదులు. చెయ్యి కొంచెం కుదిపినా కదలకపోతే బిగువు. కుదిపినప్పుడు రెండు అంగుళాలు జారి ఆగిపోతే అది లెక్క. కిందిదాన్ని ఇలా ఒకచోట నిలబెట్టి, ఆ తరవాత ఏ బట్టకు తగ్గట్టు ఆ బట్టకు పై మరతో సరిచేసుకోవాలి. రెండింటినీ ఒకేసారి తిప్పితే ఏది ఎందుకు మారిందో బ్రహ్మకు కూడా తెలియదు.

ఇదంతా ఇంత విపులంగా రాయడానికి కారణముంది. 2019 ఫిబ్రవరిలో ఒక బాకీదారు ఇంటికి వెళ్ళాను. ఆమె పేరు ఇక్కడ అవసరం లేదు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. ఆమె భర్త ఒకప్పుడు గనుల లారీ నడిపేవాడు. 2011 జూలైలో సుప్రీం కోర్టు మా జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపించినప్పుడు పోయిన వేలాది చిన్న ఉద్యోగాల్లో అతనిదొకటి. ఆ తరవాత ఇల్లు ఆమె మిషనుమీదికి వచ్చింది. 2018లో ముద్ర పథకం కింద మా శాఖలో 48,000 రూపాయలు అప్పు తీసుకుని, మోటారుతో నడిచే మిషనొకటి, దానికి కావలసిన సరంజామా కొనుక్కుంది. జీన్సు ప్యాంట్ల వెనక జేబులు కుట్టి ఇవ్వడం ఆమె పని. మొదట్లో వాయిదాలు తేదీ తప్పకుండా కట్టింది. డిసెంబరుది రాలేదు, జనవరిదీ రాలేదు. తొంభై రోజులు దాటితే ఆ ఖాతా మొండిబాకీల జాబితాలోకి పోతుంది. ఒకసారి ఆ జాబితాలో పేరు పడితే, రేపు ఏ బ్యాంకు గడప ఎక్కినా అది ముందు నిలబడుతుంది.

నేను వెళ్ళేసరికి ఆమె మిషను ముందే కూర్చుని ఉంది. పక్కన సంచిలో జేబులు. కంట్రాక్టుదారు వెనక్కి పంపినవి, నూటికి పైగా ఉన్నాయి. కుట్టు నిలవడం లేదని పంపించాడట.

"కింది దారం లూజు సార్. ఎంత బిగిచ్చినా కుదర్లేదు. మెకానిక్కు వచ్చి ఇంకా బిగిచ్చి పోయినాడు. ఇప్పుడు దారం తెగతాంది గానీ కుట్టు మాత్రం అట్లనే ఉంది" అంది.

ఒక జేబు తీసి తిరగేసి చూశాను. జీన్సు మీద పైకి కనిపించే కుట్టు తేనెరంగు దారంతో వేస్తారు. ఆమె అడుగున నీలం దారం వాడుతోంది. జేబు లోపలివైపు వరసగా ఉచ్చులు. ఆ ఉచ్చులు నీలంవి కావు, తేనెరంగువి. అంటే అడుగున కనిపిస్తున్నది పై దారం. అమ్మ మాట చెవిలో వినపడింది.

"అమ్మా, మిషను ఆపు. పైన చూద్దాం" అన్నాను. ఆమె నన్నూ, నా చేతిలో ఉన్న ఫైలునూ అనుమానంగా చూసింది. అప్పు వసూలుకు వచ్చినవాడు మిషను విప్పుతానంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు!

దారం తీసేసి, ఫుట్టు ఎత్తి, పలచని గుడ్డ పీలికను టెన్షను బిళ్ళల మధ్య దూర్చి ఇటూ అటూ లాగాను. నూనెతో ముద్దకట్టిన దారం నూగు, తెగిన దారం ముక్క ఒకటి బయటికి వచ్చాయి. ఆ ముక్క అడ్డం ఉండటంతో బిళ్ళలు మూసుకోవడం లేదు. పై దారానికి పట్టే లేదు. మెకానిక్కు బిగించిన కింది మరను వెనక్కి తిప్పి, కేసును దారంతో వేలాడదీసి లెక్కకు తెచ్చాం. సూది చూస్తే 14 నంబరు. అంత లావు దారం ఆ కన్నులో ఒరుసుకుపోతుంది. 18 నంబరు సూది ఆమె దగ్గరే డబ్బాలో ఉంది. అది వేసింది. అదే బట్ట, అదే రెండు పొరలు, ఒక పనికిరాని ముక్కమీద కుట్టి చూసింది. మర అరచుట్టు బిగించి మళ్ళీ కుట్టింది. మూడోసారికి ముడి లోపలికి పోయింది. పైన తేనెరంగు, కింద నీలం, మధ్యలో గొడవ లేదు.

ఆమె ఆ ముక్కను తిరగేసీ మరగేసీ చూసి, "ఇన్నాళ్ళూ కిందిదాన్నే తిట్టుకుంటా ఉన్నా సార్" అంది.

ఆ మాట నాకు పట్టుకుంది. బ్యాంకులో మేం చేసే పని కూడా చాలావరకు అదే. బాకీ ఆమె ఖాతాలో కనిపిస్తుంది కాబట్టి ఆమెనే బిగిస్తాం. నోటీసు, ఫోను, ఇంటికి మనిషి. ఇంకా రాకపోతే ఇంకో చుట్టు. చివరికి దారం తెగుతుంది. మా తనిఖీ రిపోర్టులో 'బాకీకి కారణం' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి నింపడానికని కూర్చుని అడిగాను, కూలి ఎప్పుడెప్పుడు వస్తుందని. ఆమె నోటు పుస్తకం తెచ్చింది. తేదీలు కన్నడంలో పొందికగా రాసి ఉన్నాయి. అక్టోబరులో కుట్టిన జేబులకు కూలి జనవరి మధ్యలో వచ్చింది, అదీ సగం. కుట్టు చెడకముందు సంగతి ఇది. వాయిదా నెలనెలా అయిదో తేదీకి లాగుతోంది. కూలి మాత్రం రెండు మూడు నెలలకోసారి ముద్దలా వస్తోంది. ఉచ్చులు ఆమె పాసుపుస్తకంలో పడ్డాయి. వదులైన దారం మాత్రం పైన, కంట్రాక్టుదారు చేతిలో ఉంది.

ఆ గడిలో నేను అదే రాశాను, తేదీలతో సహా. అదృష్టవశాత్తూ ఆ ఏడాది జనవరి 1న రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. వాయిదాలు తప్పినా ఇంకా మొండిబాకీ కాని చిన్న పరిశ్రమల అప్పులను, ఆ ముద్ర పడకుండానే ఒకసారి సవరించవచ్చునని. ఆమె ఖాతాకు అది వర్తించింది. గడువు పెంచారు, వాయిదా తగ్గింది. తేదీ కూడా నెల చివరికి మారింది. 2020లో కోవిడ్ వచ్చి ఆరు నెలలు వాయిదాలు ఆపుకునే వీలు ఇచ్చారు. అయినా 2022లో ఆమె ఆఖరి వాయిదా కట్టి, బాకీ లేదన్న కాగితం తీసుకుని వెళ్ళింది.

కథ ఇక్కడ ముగిస్తే శుభం కార్డు వేసినట్టే ఉంటుంది. కానీ ఆ 2019 ఫిబ్రవరి సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు, ఆమె మిషను సంగతంతా శ్రద్ధగా విని, "మంచి పని చేసినావు నాయనా. మరి ఆ కంట్రాక్టుదారు దగ్గరికి ఎవరు పోతారు?" అని అడిగింది. దానికి జవాబు సులువు కాదు. చిన్న పరిశ్రమల నుంచి సరుకో పనో తీసుకున్నవాడు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. కానీ ఆ రక్షణ రిజిస్ట్రేషను ఉన్నవాళ్ళకే. ఇంట్లో కూర్చుని జేబులు కుట్టే ఆడమనిషికి రిజిస్ట్రేషను ఎక్కడిది? ఉన్నా, రేపటి పని పోతుందన్న భయం పోదు. ఆమెకు ఆ కాగితం చేయించి ఇచ్చాం. దాన్ని చూపించి కంట్రాక్టుదారును అడిగే ధైర్యం ఆమె ఒక్కతెకు ఎలా వస్తుంది? ఆ వీధిలో పదిమంది కలిసి అడిగితే తప్ప ఆ పై మర తిరగదు. బ్యాంకు చేయగలిగింది తన దారాన్ని కాస్త సడలించడమే. రెండో కొసను బిగించే అధికారం బ్యాంకుకు లేదు.

ఈ పత్రిక చదివేవాళ్ళు చాలావరకు నాలాగే ఇంకో భాష నడిబొడ్డున కాపురమున్నవాళ్ళు. కాబట్టి ఇంకొక్క మాట చెప్పాలనిపిస్తోంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి. బళ్ళారి రాఘవగారి ఊరు మైసూరు వైపు ఉండిపోయింది. గీత ఎటు గీసినా ఇళ్ళల్లో రెండు భాషలూ నడుస్తూనే ఉన్నాయి. మిషను దగ్గరే చూడండి. మన దారం వాళ్ళకు దార. మన బిగి వాళ్ళకూ బిగి. మన సడలడం వాళ్ళకు సడిల. సూది కొంచెం మారి సూజి అయింది, అంతే.

అయినా ఉగాది నాడు నలుగురు చేరితే ఒకటే మాట. పిల్లల తెలుగు వదులైపోయింది, కన్నడం ఎక్కువైపోయింది అని. ఇదీ ఉచ్చులు పడినచోటే మరను వెతకడం లాంటిదే. కన్నడం మనకు బడి, బజారు, ఇరుగుపొరుగు, అన్నం. అది ఉండవలసిన బిగువులోనే ఉంది. దాన్ని సడలిస్తే తెలుగు గట్టిపడదు, మొత్తం కుట్టే ఊడిపోతుంది. వదులైంది ఇంటివైపు దారం. బిగించుకోవలసింది అక్కడ. అదీ పావు చుట్టు చొప్పున.

మా తమ్ముడి కొడుకుకు తొమ్మిదేళ్ళు. కన్నడ బళ్ళో చదువుతున్నాడు. అమ్మకు ఎనభై దాటాయి. శుక్లాలు తీయించాక చూపు పరవాలేదు గానీ, మిషను తొక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. సాయంత్రం పూట వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నీలం గుడ్డముక్క మీద బట్టలు కత్తిరించేటప్పుడు గీసే సుద్దతో అక్షరాలు రాసి చూపిస్తుంది. వాడికి కన్నడ అక్షరాలు వచ్చు కాబట్టి సగం పని అప్పుడే అయిపోయింది. "ఇది మా బళ్ళో అక్షరమే జేజీ, పైన టోపీ మార్చినావు, అంతే" అంటాడు తలకట్టును చూపించి. ఒకటి నేర్చుకున్నాక గుడ్డ దులిపి ఇంకోటి రాస్తుంది. వాడి కన్నడమేమీ దీనివల్ల తగ్గలేదు. మొన్న పరీక్షలో కన్నడంలోనే మంచి మార్కులు వచ్చాయి.

మీ ఇంట్లో మూలన మిషను ఉండి, 'అది పనిచేయదు' అని దానిమీద పాత పేపర్లు పేర్చి ఉంటే, అమ్మేసేముందు ఒక్కసారి దుమ్ము దులపండి. కొక్కెం దగ్గర పేరుకున్న నూగు తీసి నాలుగు చుక్కలు నూనె వెయ్యండి. సూది మార్చండి. ఫుట్టు ఎత్తి పైన ఒక రంగు, కింద ఇంకో రంగు దారం వెయ్యండి. రెండు పొరల గుడ్డ పెట్టి జానెడు కుట్టి, తిరగేసి చూడండి. ఏ రంగు ఎటువైపు వచ్చిందో చూశాక మర మీద చెయ్యి వెయ్యండి. చాలాసార్లు ఆ అవసరమే రాదు.